ఊయల ప్రక్కన చిత్రకారిణి

డిగ్రీ విద్యార్థులకు ధ్వని సిద్ధాంతము బోధించునప్పుడు ప్రతి సంవత్సరము నాకొక చిక్కు ఎదురగుచుండును. వాచ్యార్థము, లక్ష్యార్థము, వ్యంగ్యార్థము అను మూడు మాటలను వారు ఒక్క దినములో కంఠస్థము చేయుదురు. పరీక్షలో తప్పు లేకుండ వ్రాయుదురు. కాని ఒక పద్యమును చేతికిచ్చి, “ఇందులో కవి చెప్పక చెప్పినదేమి?” అని అడిగినచో తరగతి యంతయు మౌనము వహించును. మాటలే వారికి అడ్డు వచ్చుచున్నవేమో యని తోచి, కొన్నియేండ్ల క్రిందట ఒకనాడు నేను పద్యమును ప్రక్కన బెట్టి, ఒక చిత్రము యొక్క రంగుల అచ్చుప్రతిని తరగతికి తీసికొనిపోయి నల్లబల్లకు ఆనించితిని.

చిత్రములో నున్నది మిక్కిలి సామాన్యమైన దృశ్యము. ఒక గది. ఒక ఊయల. అందు నిద్రించుచున్న పసికందు. ప్రక్కన కూర్చుండి చూచుచున్న ఒక యువతి. “ఇందేమున్నది?” అని అడిగితిని. “తల్లిప్రేమ, మాస్టారూ!” అని ముందు బల్లలవారు ఒక్క గొంతుతో పలికిరి. మంచిదే యంటిని. అప్పుడు వెనుక వరుసలో, సాధారణముగా నోరు మెదపని ఒక బాలిక లేచి, “బిడ్డనే చూస్తోంది మాస్టారూ. కాని ఇంకేదో ఆలోచిస్తోంది” అన్నది. తరగతి నవ్వినది. “ఆమె ఆలోచన నీకెట్లా తెలిసిందమ్మా?” అని నేనును నవ్వుచునే అడిగితిని. ఆ బాలిక తల వంచుకొని కూర్చుండిపోయినది.

ఆనాడు నేను నవ్వియుండరాదు. ఆ చిత్రమును గూర్చియు, దానిని గీచిన ఆమెను గూర్చియు చదువుకొనిన కొలది, తరగతిలో చిత్రమును నిజముగా చూచినది ఆ బాలిక యొక్కతెయే యని నాకు తెలిసివచ్చినది. ఈ వ్యాసము ఆమెకు నేను బాకీపడిన సమాధానము.

కంటికి కనిపించునది

చిత్రము పేరు ఫ్రెంచి భాషలో ‘లె బెర్సో’, అనగా ‘ఊయల’. చిత్రించినది బెర్త్ మోరిసో (1841–1895). 1872లో ప్యారిసు నగరమున గీయబడిన ఈ చిత్రము నేడు ఆ నగరమందలి ఓర్సే మ్యూజియములో నున్నది. జగత్ప్రసిద్ధమైన చిత్రమనగానే అది గోడనంతయు ఆక్రమించి యుండునని ఊహించుకొనువారికి ఇది ఆశ్చర్యము గొలుపును. దీని ఎత్తు 56 సెంటీమీటర్లు, వెడల్పు 46. మన ఇండ్లలో గోడకు వ్రేలాడు పెద్ద క్యాలెండరంత మాత్రమే.

ఎడమవైపున ముదురువన్నె దుస్తులు ధరించిన యువతి కూర్చుండి యున్నది. మెడకు సన్నని నల్లని పట్టీ. కుడివైపున ఊయల. అది మన ఇండ్లలోవలె దూలమునుండి వ్రేలాడు ఊయల కాదు. పైనుండి జాలువారు పలుచని తెల్లని తెర దానిని కప్పియున్నది. తెరవెనుక, మంచులోవలె మసకగా, శిశువు ముఖము కనబడును. తల్లి వెనుక కిటికీ తెర. దానిగుండ వడగట్టబడిన వెలుతురు. ఇంతే. నగలు లేవు, బొమ్మలు లేవు, గోడపై పటములు లేవు. కథ చెప్పుటకు ఉపకరించు వస్తువొక్కటియు లేదు.

ఇప్పుడు చేతులను చూడుడు. యువతి ఎడమచేయి మోచేతికడ ముడుచుకొని చెంపకు ఆనియున్నది. నిద్రించు శిశువు చేయియు అట్లే ముడుచుకొని తలవైపునకు లేచియున్నది. తల్లి భంగిమ బిడ్డలో ప్రతిధ్వనించుచున్నది. తల్లి కన్నులనుండి ఆమె చూపు బిడ్డ మూసిన కన్నులపైకి ఏటవాలుగా దిగును. వెనుకనున్న కిటికీ తెర మడతయు ఆ వాలునే అనుసరించును. ఈ విధముగా చిత్రకారిణి తల్లిని, బిడ్డను ఒకే గీతపై కూర్చినది. ముందు బల్లలవారు ‘తల్లిప్రేమ’ అనుటకు ఆధారము ఈ గీతయే. వారి మాట అబద్ధము కాదు.

అయితే తల్లి ముఖమున చిరునవ్వు లేదు. ఆనందముతో విప్పారిన కన్నులు లేవు. ఆమె బిడ్డను ఎత్తుకొనలేదు, ముద్దాడుట లేదు, జోలపాడుట లేదు. ఊరక చూచుచున్నది. చెంపకు చేయి చేర్చి చూచుచున్నది.

“చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చోకు, ఏం కొంప మునిగింది?” అని మన ఇండ్లలో పెద్దలు పిల్లలను కసరుట అందరు ఎరిగినదే. ఆ భంగిమ దిగులునకు గుర్తని మనవారు పుస్తకములు చదువకయే గ్రహించినారు. మన కావ్యములలో విరహిణులును, చింతాక్రాంతులును చెక్కిట చేయి చేర్చియే కనిపింతురు. ఐరోపా చిత్రకళలోను ఇది ప్రాచీనమైన సంకేతమే. జర్మను చిత్రకారుడు డ్యూరర్ 1514లో ‘విషాదము’ను రెక్కలున్న స్త్రీగా రూపొందించి, ఆమె చెంపను పిడికిటిపై ఆనించినాడు. కనుక మోరిసో ఎన్నుకొనిన ఈ భంగిమ యాదృచ్ఛికమని అనుకొనలేము. వాత్సల్యమును తెలుపు గీతయు, చింతను తెలుపు చేయియు ఒకే చిత్రమున కలిసియున్నవి. వెనుక వరుసలోని బాలిక పట్టుకొనినది ఈ రెండవదానిని.

బయట సూర్యోదయము, లోపల ఊయల

ఇంప్రెషనిస్టులనగానే మనకు స్ఫురించునది ఆరుబయలు. నదీతీరములు, గసగసాల పొలములు, రైలుపొగ, మారుచుండు ఆకాశము. రంగులను తగరపు గొట్టములలో నింపు ఉపాయమునకు 1841లో, అనగా మోరిసో జన్మించిన సంవత్సరముననే, జాన్ గాఫ్ రాండ్ అను అమెరికను చిత్రకారుడు పేటెంటు పొందినాడు. ఆ గొట్టములు సంచిలో వేసికొని క్లోద్ మోనే వంటివారు తరువాతి కాలమున ఎండలోనికి నడిచినారు. వస్తువు యొక్క నిర్దుష్టమైన రూపురేఖలకంటె, ఒక్క క్షణమున వెలుతురు కంటిపై వేసిన ముద్రయే వారికి సత్యము. ఇంప్రెషను అనగా ముద్రయే గదా.

1872 తేదీ వేయబడిన మోనే చిత్రము ‘ఇంప్రెషను, సూర్యోదయము’, అదే సంవత్సరమున మోరిసో గీచిన ‘ఊయల’ — ఈ రెండును ఒకే ప్రదర్శనలో లోకమునకు తెలిసినవి. 1874 ఏప్రిలు 15న ప్యారిసులోని కాపూసీన్ వీధిలో, ఫోటోగ్రాఫరు నాదార్ పూర్వము వాడిన స్టూడియోలో ఆ ప్రదర్శన ప్రారంభమైనది. పాల్గొనినవారు ముప్పదిమంది వరకు. వారిలో స్త్రీ మోరిసో యొక్కతెయే. లూయీ లెరువా అను విమర్శకుడు మోనే చిత్రము పేరును పట్టుకొని అందరిని కలిపి ‘ఇంప్రెషనిస్టులు’ అని ఎగతాళి చేసినాడు. ఎగతాళి మాట బిరుదై నిలిచినది.

మోనే రేవునకు పోయి సూర్యుని చూచినాడు. మోరిసో గదిలో కూర్చుండి ఊయలను చూచినది. ఏల? ఇది అభిరుచి భేదము మాత్రమే కాదు. ఆమె తండ్రి ఉన్నత ప్రభుత్వాధికారి. ఆ తరగతి కుటుంబముల యువతి వీధిలో ఒంటరిగా నిలిచి చిత్రము గీయుట, కాఫీ హోటలులో కూర్చుండి మనుష్యులను పరిశీలించుట మర్యాదగా ఎంచబడలేదు. ప్యారిసులోని ప్రభుత్వ చిత్రకళాశాల స్త్రీలకు తలుపు తెరచినది 1897లో. అప్పటికి మోరిసో మరణించి రెండు సంవత్సరములైనది. మగవారికి ఊరంతయు చిత్రశాల. ఆమెకు దక్కినవి గది, కిటికీ, తోట, తన వారి ముఖములు.

కాని ఆ గదిలోనికి ఆమె కొత్త వెలుతురును తెచ్చినది. ఊయల తెరను కొంతసేపు చూచినచో అందులో కేవలము తెలుపు అనదగినది చాల కొద్దిగా కనిపించును. నీలము, బూడిదవన్నె, లేత గులాబి కలిసి తెలుపన్న భ్రాంతిని కలిగించును. తెర పలుచదనమును ఆమె పోగులు లెక్కపెట్టి చూపలేదు. కుంచెను తేలికగా, వేగముగా ఈడ్చి వెనుకనున్నది కనిపించీ కనిపించనట్లు వదలినది. బిడ్డ ముఖము అందువలననే ఊపిరితో కదలుచున్నట్లుండును. ఈ తెలుపుల నడుమ తల్లి ముదురు దుస్తులు గంభీరమైన మంద్రస్వరమువలె నిలుచును. చిత్రమందలి భావచ్ఛాయ సగము ఈ తూకమునుండియే పుట్టినది. బిడ్డవైపు తేలిక, తల్లివైపు బరువు.

అక్కచెల్లెండ్రు

ఇంతకు ఊయల ప్రక్కన కూర్చున్న యువతి ఎవరు? ఆమె బెర్త్ మోరిసో అక్క ఎడ్మా. ఊయలలోని బిడ్డ ఎడ్మా కుమార్తె బ్లాంష్. చిత్రము వాచ్యార్థమునకు ఇంతవరకు చాలును. వ్యంగ్యార్థమునకు మరియొక సంగతి తెలియవలెను: ఎడ్మాయు చిత్రకారిణియే.

అక్కచెల్లెండ్రిద్దరును ఒకే గురువులకడ, ఒకే కాలమున, పండ్రెండు సంవత్సరములకు దగ్గరగా చిత్రకళ నేర్చినారు. తొలి గురువులలో నొకడైన జోసెఫ్ గిషార్ వారి ప్రతిభను చూచి సంతోషించుటకు మారుగా భయపడినాడు. తన బోధన వీరిని కాలక్షేపపు చిత్రకారిణులుగా గాక నిజమైన చిత్రకారిణులుగా చేయగలదనియు, వీరి అంతస్తు గల కుటుంబములో అది విప్లవమే యగుననియు, దాదాపు విపత్తని కూడ అనవచ్చుననియు తల్లిని హెచ్చరించినాడు. తల్లి వెనుదీయలేదు. ఇద్దరును లూవ్రు మ్యూజియములో పూర్వుల చిత్రములకు నకళ్లు గీచినారు. ప్రకృతి చిత్రణలో మహానుభావుడైన కోరోకు శిష్యులైనారు. ఇంటి తోటలో తల్లిదండ్రులు వారికొరకు పనిగది కట్టించినారు. 1864 మొదలు ప్యారిసు సెలూను ప్రదర్శనలలో ఇద్దరి చిత్రములును చోటు చేసికొనినవి.

ఎడ్మా చిత్రములలో నేడు మిగిలినవి బహు స్వల్పము. వానిలో నొకటి, 1865 ప్రాంతమున ఆమె గీచిన చెల్లెలి చిత్రము. కుంచె చేతబట్టి, తదేకదృష్టితో పనిలో మునిగిన బెర్త్‌ను ఎడ్మా అందులో చూపినది. అక్క చెల్లెలిని చిత్రకారిణిగా చిత్రించినది. ఏడు సంవత్సరముల తరువాత చెల్లెలు అక్కను తల్లిగా చిత్రించినది. ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన ఊహించుకొనినవారికి నడుమ జరిగినదేమో అడుగవలెనని తోచకమానదు.

జరిగినది వివాహము. 1869లో ఎడ్మా ఒక నౌకాదళాధికారిని పెండ్లాడి, సముద్రతీరమందలి లోరియాన్ పట్టణమునకు కాపురము వెడలినది. అతడు క్రూరుడని గాని, కుంచె పట్టరాదని శాసించినాడని గాని ఎవ్వరును చెప్పలేదు. ఆమె చిత్రించుట ఆగిపోయినది, అంతే. ఆ సంవత్సరము అక్కచెల్లెండ్రు వ్రాసికొనిన జాబులు అచ్చులో నున్నవి. తన మనస్సు ఎల్లప్పుడు చెల్లెలి వెంట పనిగదిలోనే తిరుగుచున్నదనియు, కొద్దిసేపైన తప్పించుకొని వచ్చి ఆ గాలి పీల్చుకొనవలెనని యున్నదనియు ఎడ్మా వ్రాసినది. బెర్త్ అక్కను ఓదార్చినది. ప్రేమ మంచిదే, కాని దినములను నింపుటకు దానితోపాటు మరియేదైన ఉండవలెననియు, అక్క విషయమున ఆ మరియొకటి మాతృత్వమే కాగలదనియు ఆమె సమాధానము సారాంశము.

మూడేండ్లు గడచినవి. ఎడ్మాకు ఇద్దరు కుమార్తెలు కలిగినారు. బెర్త్ ముప్పదియొకటవ యేట, ఇంకను అవివాహితగా, కుంచె చేతబట్టి ఆ ఊయలకు ఎదురుగా కూర్చున్నది. ఏ మాతృత్వము అక్క దినములను నింపునని తాను వ్రాసినదో, ఆ మాతృత్వమును ఇప్పుడు కన్నులార చూచుచున్నది. జాబులో వ్రాసినది ఓదార్పు మాట. చిత్రములో ఓదార్పు మాటలకు తావు లేదు. కన్ను చూచినది కుంచె చెప్పవలెను. కుంచె ఏమి చెప్పినది? బిడ్డవైపు వాలిన చూపును చెప్పినది, చెంపకు చేరిన చేతిని గూడ చెప్పినది. ఒకదానికొరకు రెండవదానిని దాచలేదు.

బెర్త్ ఎడ్మాను పూర్వమును చిత్రించియుండెను. 1869 నాటి ఒక చిత్రములో ఎడ్మా తెల్లని దుస్తులతో తెరచిన కిటికీ కడ కూర్చుండి, బయట వీధిని గాక చేతిలోని విసనకర్రను చూచుచుండును. 1869–70 నాటి మరియొకదానిలో నల్లని దుస్తుల తల్లి పుస్తకము చదువుచుండగా, తొలిచూలు గర్భవతియైన ఎడ్మా ప్రక్కన పరధ్యానముగా కూర్చుండి యుండును. ఇప్పుడు ‘ఊయల’. మూడింటను ఆమె మన వైపు చూడదు. ఆమె మనస్సును ఎన్నియో యేండ్లు ఎరిగిన చెల్లెలు, ఆ మనస్సు ఎటు తిరిగినదో మాత్రము చూపి, అందేమున్నదో చెప్పక విడిచినది.

తెర అంతరార్థము

ఇక ప్రతీకల మాట. మన విద్యార్థులకు ప్రతీక యనగానే నిఘంటువువంటి పట్టిక కావలెను. తామర అనిన ఇది, దీపము అనిన అది. ఐరోపాలో పూర్వపు మతచిత్రములకు అట్టి పట్టిక కొంతవరకు పనికివచ్చును. కన్యమేరి చిత్రమున తెల్ల లిల్లి పువ్వు పవిత్రతకు గుర్తు. ‘ఊయల’కు అట్టి పట్టిక లేదు. ఇందులోని వస్తువులు ముందుగా అర్థములను మోసికొని రాలేదు. వాని నడుమ నున్న సంబంధమునుండియే అర్థము పుట్టుచున్నది.

తెరనే తీసికొనుడు. తల్లి కుడిచేయి ఊయల అంచుపై తెరను పట్టుకొని యున్నది. ఆమె దానిని మనకును బిడ్డకును నడుమ లాగుచున్నట్లున్నది. మన ఇండ్లలో కొత్తవారు వచ్చినప్పుడు బాలింత బిడ్డపై కొంగు కప్పుటను చూచిన మనకు ఈ కదలిక వెంటనే తెలియును. ‘ఇది మీరు చూడవలసిన చోటు కాదు’ అని ఆ చేయి మృదువుగా చెప్పుచున్నది. కాని తెరకు రెండు వైపులు గలవు. బిడ్డను లోకమునుండి కాపాడు తెర, తల్లిని లోకమునుండి వేరుచేయు తెర కూడ అగును. వెనుక కిటికీకి మరియొక తెర. వెలుతురు లోనికి వచ్చుచున్నది, బయట మాత్రము కనబడదు. రెండు తెరల నడుమ ఎడ్మా కూర్చున్నది. ఆ గది గూడువలెను ఉన్నది, గూటివలెను ఉన్నది. పక్షికి ఆశ్రయమైన గూడు, దీపమునకు హద్దైన గోడగూడు. ఏది నిజమని అడిగినచో రెండును నిజమే.

ఆ చేతినే మరియొక విధముగ చూడుడు. తెర అంచును పట్టిన ఆ వ్రేళ్లు కుంచె పట్టుటకు అలవాటుపడిన వ్రేళ్లు. ఇది నేను చిత్రమునకు అంటగట్టుచున్న భావము కాదా యని ఎవరైన శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. జీవితచరిత్ర చదివి చిత్రమును చూచువారు, చిత్రములో లేనిది చూచు ప్రమాదము కలదు. అందుచేత నేను నాకొక పరీక్ష పెట్టుకొందును: చరిత్ర తెలియనివాడు ఇదే భావమును, అస్పష్టముగానైన, పొందగలడా? పొందినచో ఆ భావము చిత్రమునందే కలదు. చరిత్ర దానికి పేరు పెట్టినది, అంతే. నా వెనుక వరుస బాలికకు ఎడ్మా ఎవరో తెలియదు. అయినను ‘ఇంకేదో’ అన్నది. వ్రేళ్ల మాట చరిత్ర తెలిసిన నాది. ‘ఇంకేదో’ అను మాట చిత్రముది.

ఇక్కడ మన అలంకారశాస్త్రము మనకు మంచి ఉపకరణమునిచ్చుచున్నది. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున ఆనందవర్ధనుడు, మహాకవుల వాక్కులలో వ్యంగ్యార్థము స్త్రీలయందలి లావణ్యమువంటిదని చెప్పినాడు. లావణ్యము కన్నులలో లేదు, ముక్కులో లేదు. అన్ని అవయవములను ఆశ్రయించి, వేనికిని చెందక వేరుగా ప్రకాశించును. ‘ఊయల’లోని చింతయు అట్టిదే. అది చేతిలో మాత్రమే లేదు, తెరలో మాత్రమే లేదు, ముదురు దుస్తులలో మాత్రమే లేదు. అన్నియు కలిసినచోట మెరయుచున్నది. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు వాత్సల్యమును రసముగా అంగీకరించినాడు. ఆ పరిభాషలో చెప్పవలెనన్న, ఇందు స్థాయి వాత్సల్యస్నేహమే. చింత, స్మృతి, గ్లాని సంచారులుగా వచ్చి పోవుచున్నవి. సంచారులు స్థాయిని చెరుపవు, దానికి లోతునిచ్చును. తన దిగులును దాటి బిడ్డను చూచు తల్లి ప్రేమ, దిగులెరుగని తల్లి ప్రేమకంటె తక్కువది కాదు.

కనుక ఈ చిత్రమును వివాహమునకు వ్యతిరేకముగ వేసిన అభియోగపత్రముగా చదువుటయు తొందరపాటే. బెర్త్ జీవితమే అందుకు సాక్ష్యము. 1874 డిసెంబరులో ఆమె, చిత్రకారుడు ఎదువార్ మానే తమ్ముడైన యూజీన్‌ను వివాహమాడినది. 1878లో కుమార్తె జూలీ జన్మించినది. ఇంప్రెషనిస్టులు 1874 నుండి 1886 వరకు జరిపిన ఎనిమిది ప్రదర్శనలలో ఆమె ఏడింట పాల్గొన్నది. జూలీ పుట్టిన తరువాత వచ్చిన 1879 నాటి ప్రదర్శన యొక్కటియే తప్పినది. భర్త ఆమె పనికి అండగా నిలిచినాడు. జూలీయే ఆమె చిత్రములకు తరచు వస్తువైనది. ఊయల ఉన్నచోట కుంచె ఉండరాదను నియమము ప్రకృతిలో లేదు. ఎడ్మాకు దొరకనిది బెర్త్‌కు దొరకినది. ఇద్దరి నడుమ భేదము ప్రతిభలోనిదని చెప్పుటకు మనకు ఆధారము లేదు.

అమ్ముడుపోని చిత్రము

1874 ప్రదర్శనలో ‘ఊయల’ను గమనించినవారు కొద్దిమంది. గమనించినవారు దాని సొగసును, నాజూకును మెచ్చినారు. ముందు బల్లలవారివలె తల్లిప్రేమను చూచి సంతసించి వెడలిపోయినారు. అమ్ముటకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. చిత్రము ఎడ్మా కుటుంబముననే ఉండిపోయినది. 1921లో ఎడ్మా మరణించిన పిమ్మట, 1930లో లూవ్రు దానిని కొనినది. కొన్న దినముననే దాని విలువ పుట్టలేదు గదా! అంతకాలము ఒక ఇంటిలోనే, తాను ఎవరిని గూర్చి చెప్పుచున్నదో వారి నడుమనే ఆ చిత్రము ఉండెను. ఆ ఇంట దానిని చూచి ఎవరేమనుకొనిరో ఊహించుటకు నాకు ధైర్యము చాలదు.

ఈ చిత్రమును గూర్చి ఇంత వ్రాయుటకు నాకు మరియొక కారణము గలదు. మా అక్క చిన్ననాట వీణ నేర్చినది. సాయంకాలము ఆమె సాధన చేయుచుండగా ప్రక్క గదిలో నేను ఎక్కములు వల్లించుట నాకింకను జ్ఞాపకము. పెండ్లియైన తరువాత ఆ వీణ మా పుట్టింటి అటకపై పాత దుప్పటిలో చుట్టబడి యుండిపోయినది. బావగారు ఏనాడును వద్దనలేదు. ఎవ్వరును వద్దనలేదు, తెచ్చుకొమ్మని కూడ ఎవ్వరును అనలేదు. పిల్లలు కలిగినారు, పెద్దవారైనారు. నేను పండుగలకు పోయినప్పుడెల్ల ఆమె నా ఆరోగ్యమును, ఉద్యోగమును అడుగును. నేను పిల్లల చదువులను అడుగుదును. వీణను గూర్చి తమ్ముడనైన నేను ఒక్కసారియైన అడుగలేదు. అడుగవచ్చునని తోచలేదు. బెర్త్‌కు తోచినది. ఆమె నోటితో అడుగలేకపోయినను కుంచెతో అడిగినది.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక విన్నపము. వీలైనప్పుడు ఈ చిత్రము ప్రతిని తరగతిలో పెట్టుడు. ఏమియు చెప్పకుండ అయిదు నిముషములు చూడనిండు. ముందు వచ్చు సమాధానమును కాదనకుడు, అది నిజమే. కాని దానితో పాఠమును ముగింపకుడు. చేతులెక్కడున్నవి, చూపెక్కడున్నది, తెర ఎవరివైపునున్నది అని ఒక్కొక్కటిగా అడుగుడు. వ్యంగ్యార్థము నిర్వచనములో గాక చూపులో దొరకునని పిల్లలు తామే కనుగొందురు. వెనుక వరుసనుండి ఎవరైన లేచి, ఎవ్వరును అనని మాట అనినచో, దయయుంచి నవ్వకుడు.

మొన్న సంక్రాంతికి అక్క యింటికి పోయినప్పుడు ఈ చిత్రము అచ్చుప్రతిని చూపితిని. కన్నద్దములు పెట్టుకొని చాలసేపు చూచినది. “పాపం, ఆ పిల్లకి నిద్ర చాలినట్టు లేదురా” అని నవ్వినది. తరువాత ఇంకను చూచుచునే యుండెను. అప్పుడు వీణ సంగతి అడిగితిని. అక్క వెంటనే బదులు చెప్పలేదు. చిత్రమును నా చేతికిచ్చి, “తీగలు తుప్పు పట్టి ఉంటాయి. మార్పించాలి” అన్నది.